న్యాయమైన ప్రజా రవాణా: అఫ్జల్‌గంజ్ నేపథ్యంలో సూత్రాలు, ఆచరణ

న్యాయమైన ప్రజా రవాణా అంటే సొంత బండి లేనివారు, చేతిలో డబ్బు తక్కువున్నవారు, ఒంట్లో సత్తువ లేనివారు కూడా చదువుకు, పనికి, వైద్యానికి, బజారుకు వేళకు చేరుకునేలా ప్రభుత్వం చేసే ఏర్పాటు. బస్సు, రైలు, మెట్రో దీనికి సాధనాలు. ఎవరికి ఎన్ని సర్వీసులు, ఎంత ఛార్జీ, రోడ్డు మీద ఎంత చోటు, నిర్ణయాల్లో ఎంత మాట అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట కనిపించే ప్రాంతం హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్. పాతబస్తీకీ కొత్త నగరానికీ నడుమ, మూసీ ఒడ్డున ఉన్న ఈ కూడలి చుట్టూ జిల్లాల బస్టాండు, సిటీ బస్సుల స్టాపులు, మెట్రో స్టేషన్లు, ప్రభుత్వాసుపత్రులు, టోకు బజార్లు కిలోమీటరు రెండు కిలోమీటర్ల లోపే ఉన్నాయి.

ప్రాంతం, ప్రయాణికులు

ఐదో నిజాం అఫ్జలుద్దౌలా (పాలన 1857–1869) పేరు మీద ఏర్పడిన ధాన్యపు బజారు అఫ్జల్‌గంజ్. నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్ వస్తాయి. ఇవతలి వైపు ఉస్మాన్‌గంజ్, బేగంబజార్, మొజంజాహీ మార్కెట్, వాటిని దాటి ఆబిడ్స్, నాంపల్లి ఉన్నాయి. తూర్పున గౌలిగూడ, ఇమ్లీబన్, ఉత్తరాన కోఠి.

ఇక్కడ దిగే ప్రయాణికుల్లో ఎక్కువమందికి మరో దారి లేదు. ఉస్మానియా ఆసుపత్రికి మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి రోగులు వస్తారు. వారితో తోడు వచ్చినవారు రోజుల తరబడి ఆసుపత్రికీ బస్టాండుకూ మధ్య తిరుగుతారు. కోఠిలో ప్రసూతి, చెవి-ముక్కు-గొంతు ఆసుపత్రులు, రెడ్‌హిల్స్ వైపు నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. బేగంబజార్‌లో సరుకు కొనుక్కుని మూటతో తిరుగు ప్రయాణం కట్టే చిన్న దుకాణదారులు, హమాలీలు, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు, కోఠి మహిళా విశ్వవిద్యాలయం విద్యార్థినులు రోజూ ఈ స్టాపుల్లోనే నిలబడతారు. ఆఫీసు వేళకు వెళ్లి ఆఫీసు వేళకు తిరిగొచ్చే ఒంటరి ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని వేసిన రవాణా ప్రణాళిక వీరిలో చాలామందికి సరిపోదు. అఫ్జల్‌గంజ్ అధ్యయనానికి ఉన్న విలువ ఇదే.

చారిత్రక నేపథ్యం

నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను బ్రిటిష్ కంపెనీ నుంచి తన చేతిలోకి తీసుకుంది. రెండేళ్ల తర్వాత, 1932 జూన్ 15న, నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైంది. భారత ఉపఖండంలో ప్రభుత్వమే బస్సులు నడపడానికి పూనుకున్న తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. రైలూ బస్సూ ఒకే సంస్థ కింద ఉండటం వల్ల రెండింటి వేళలను, మార్గాలను కలిపి ఆలోచించే వీలుండేది. ఇప్పటి నగరం మళ్లీ వెతుక్కుంటున్న సమన్వయం అప్పట్లో పాలనా నిర్మాణంలోనే ఉంది.

1951లో ఈ విభాగం రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఆర్టీసీ వేరుపడి, 2024 నుంచి టీజీఎస్‌ఆర్టీసీ అన్న పేరుతో నడుస్తోంది.

అఫ్జల్‌గంజ్ పక్కనున్న గౌలిగూడలో విమానాల షెడ్డును పోలిన భారీ ఇనుప కట్టడం దశాబ్దాల పాటు నగరపు ప్రధాన బస్టాండుగా పనిచేసింది. 1994లో మూసీ నడుమ ఇమ్లీబన్‌లో కొత్త బస్టాండు ప్రారంభమయ్యాక జిల్లాల బస్సులు అక్కడికి తరలాయి. అదే ఇప్పటి మహాత్మాగాంధీ బస్ స్టేషన్, జనం నోట ఎంజీబీఎస్. గౌలిగూడ కట్టడం సిటీ బస్సులకు మిగిలి, 2018 జూలై 5న కుప్పకూలింది. ప్రమాదాన్ని ముందే గుర్తించి ఖాళీ చేయించడంతో ప్రాణనష్టం జరగలేదు.

నగరంలో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003 ఆగస్టులో మొదలయ్యాయి. మెట్రో 2017 నవంబరులో వచ్చింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం తెరుచుకోవడంతో నాంపల్లి, గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఎంజీబీఎస్ స్టేషన్లు అందుబాటులోకి వచ్చాయి. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)–ఎంజీబీఎస్ మార్గం కలిసి ఎంజీబీఎస్ రెండు లైన్ల కూడలి అయింది.

భావన, దాని మూలాలు

రవాణాలో న్యాయం అన్న ఆలోచన పోరాటాల్లోంచి వచ్చింది. అమెరికాలోని మోంట్‌గోమరీలో 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తెల్లజాతి ప్రయాణికుడికి బస్సులో సీటు ఖాళీ చేయడానికి నిరాకరించి అరెస్టయింది. దరిమిలా నల్లజాతి ప్రజలు 381 రోజులు బస్సులను బహిష్కరించారు. బస్సుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. ఎక్కే హక్కు, కూర్చునే హక్కు పౌర హక్కులేనని ఈ పోరాటం స్థిరపరిచింది.

లాస్ ఏంజెలస్‌లో వివాదం డబ్బు పంపకం మీద నడిచింది. పేదలు ఎక్కే బస్సులను వదిలేసి రైలు మార్గాల మీద ప్రజాధనం ఎక్కువ ఖర్చు పెడుతున్నారంటూ బస్సు ప్రయాణికుల సంఘం, పౌర సంస్థలు 1994లో దావా వేశాయి. 1996లో కుదిరిన ఒప్పందం ప్రకారం రవాణా సంస్థ బస్సుల్లో రద్దీ తగ్గించడానికి, ఛార్జీలను అదుపులో ఉంచడానికి కట్టుబడాల్సి వచ్చింది. బస్సు, మెట్రో రెండూ ఉన్న ప్రతి నగరానికీ ఇది వర్తించే పాఠం.

సిద్ధాంతకర్తల్లో జాన్ రాల్స్ 1971 నాటి గ్రంథంలో, సమాజంలో అసమానతలు ఉంటే అవి అందరికన్నా వెనకబడినవారికి మేలు చేసేవిగా ఉండాలన్నాడు. మనిషి చేతిలో ఏముందన్నదాని కన్నా, దానితో ఏం చేయగలడన్నది చూడాలని అమర్త్యసేన్ వాదించాడు. రవాణాకు ఈ దృష్టిని అన్వయిస్తే, ఇంటి ముందు రోడ్డు ఉండటం ఒక్కటే చాలదు. ఆ రోడ్డు మీదుగా ఆ ఇంటి మనిషి ఆసుపత్రికి చేరగలగాలి. డచ్ పండితుడు కారెల్ మార్టెన్స్ 2017లో వెలువరించిన గ్రంథంలో, ప్రతి పౌరుడికీ కనీస స్థాయి చేరువ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని ప్రతిపాదించాడు. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 11.2వది కూడా ఇదే కోరుతుంది. 2030 నాటికి అందరికీ సురక్షితమైన, భరించగలిగిన, చేరువలో ఉండే రవాణా ఉండాలని, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, వృద్ధుల అవసరాలపై ప్రత్యేక దృష్టి పెట్టాలని అది చెబుతోంది.

చట్టపరమైన పునాది

భారత రాజ్యాంగంలోని 14వ అధికరణ సమానత్వాన్ని, 19వ అధికరణ దేశమంతటా సంచరించే స్వేచ్ఛను, 21వ అధికరణ జీవించే హక్కును ఇస్తున్నాయి. ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు 1985లో జీవనోపాధి హక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. పనికి చేరలేనివాడికి ఉపాధి హక్కు ఉన్నా అక్కరకు రాదు కాబట్టి రవాణా చర్చకు ఈ తీర్పు కీలకం.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ఆర్టీసీలకు రెండు బాధ్యతలు అప్పగించింది. 18వ సెక్షన్ ప్రకారం సమర్థమైన, తగినంత, పొదుపైన, చక్కగా సమన్వయం చేసిన రోడ్డు రవాణా కల్పించాలి. 22వ సెక్షన్ ప్రకారం వ్యాపార సూత్రాల మీద నడవాలి. ప్రజాసేవ, వ్యాపారం అన్న ఈ రెండింటి మధ్య లాగులాటే ఆర్టీసీ చరిత్ర పొడవునా కనిపిస్తుంది. నష్టాల రూట్లో ట్రిప్పు తగ్గించాలా, ఆ ఊరివారి కోసం నడపాలా అని డిపో మేనేజరు తేల్చుకోవలసి వచ్చే ప్రతిసారీ ఈ చిక్కే ముందుకొస్తుంది.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు ప్రణాళిక వాహనాల కోసం కాక మనుషుల కోసం జరగాలని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం బస్టాపులు, స్టేషన్లు, వాహనాలు వికలాంగులకు అనువుగా ఉండాలని ఆదేశించింది. 2024 నవంబరులో రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నియమాలు రూపొందించాలనీ తీర్పునిచ్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక సమర్పించింది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగ అధ్యయన కేంద్రమే.

ప్రధాన సూత్రాలు

1. అన్ని ప్రాంతాలకూ చేరువ. ఏ బస్తీలో ఉన్నా నడిచే దూరంలో బస్సు దొరకాలి. హైదరాబాదులో ఈ సూత్రానికి పెద్ద పరీక్ష పాతబస్తీ. మెట్రో మొదటి దశలో జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు వెళ్లాల్సిన మార్గం ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. మిగిలిన 5.5 కిలోమీటర్లు నదికి అవతల, పాతబస్తీలోనే ఉన్నాయి. ఈ మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది; దీన్ని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లకు పొడిగించే ప్రణాళిక ఉంది. మార్గంలోని కట్టడాలు, ప్రార్థనా స్థలాలు, దుకాణాల విషయంలో జాగ్రత్త అవసరమే. అయితే ఆ సంక్లిష్టతను కారణంగా చూపి ఒక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి ఆపేసినప్పుడు, ఆ కాలమంతా నష్టపోయేది అక్కడి ప్రయాణికులే.

2. చాలినన్ని బస్సులు, నమ్మదగిన వేళలు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం ప్రతి వెయ్యి జనాభాకు 0.6 బస్సులు ఉంటే మేలైన స్థాయి. కోటి జనాభాకు 6,000 బస్సులు కావాలన్నమాట. గ్రేటర్ హైదరాబాదులో నడుస్తున్నవి సుమారు మూడు వేలు. 2019 ఆర్టీసీ సిబ్బంది సమ్మె తర్వాత నగరంలో వందలాది బస్సులను తగ్గించారు. ఈ లోటు అందరినీ ఒకేలా బాధించదు. స్తోమత ఉన్నవారు స్కూటరు కొనుక్కుంటారు, క్యాబు పిలుచుకుంటారు. లేనివారు ఫుట్‌బోర్డు మీద వేలాడతారు, లేదా షేర్ ఆటోలో ఇరుక్కుంటారు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియని చోట దినకూలీ అరగంట ముందే ఇల్లు కదలాలి. ఆ అరగంటకు జీతం ఇచ్చేవారెవరూ ఉండరు.

3. భరించగల ఛార్జీ. ఛార్జీ ఎంత అన్నదాంతో పాటు అది ఎవరి మీద ఎంత శాతం పడుతోందన్నది చూడాలి. 2025 అక్టోబరు 6 నుంచి నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల వరకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 చొప్పున ఛార్జీ పెంచారు. ఎలక్ట్రిక్ బస్సులకు కావలసిన మౌలిక వసతుల ఖర్చును ఇందుకు కారణంగా చూపారు. ఆర్డినరీ బస్సులో రూ.10 ఉన్న కనీస టికెట్టు రూ.15 అయింది. అంటే దగ్గరి ప్రయాణికుడిపై 50 శాతం భారం. రూ.40 టికెట్టుకు రూ.10 కలిస్తే పెరిగేది 25 శాతమే. అఫ్జల్‌గంజ్ నుంచి కోఠికో, నాంపల్లికో వెళ్లేవారివన్నీ దగ్గరి ప్రయాణాలే. ఛార్జీలు సవరించేటప్పుడు దగ్గరి స్టేజీలను కాపాడటం న్యాయం పాటించడంలో మొదటి మెట్టు.

4. మార్పిడికి జరిమానా ఉండకూడదు. ఇంటి నుంచి నేరుగా బస్సు లేనివారు అఫ్జల్‌గంజ్‌లోనో కోఠిలోనో బస్సు మారతారు. మారిన ప్రతిసారీ కొత్త టికెట్టు తీయాలి. నేరుగా వెళ్లే సర్వీసు లేని లోటును వారే అనుభవిస్తూ, అదనపు డబ్బూ వారే చెల్లిస్తున్నారు. రోజంతా తిరిగే టీ-24 టికెట్టు, నెలవారీ పాసులు కొంత ఊరట. పాసుకు ఒకేసారి పెద్ద మొత్తం కట్టలేని రోజుకూలీకి మాత్రం అవి అందవు. గంటన్నరలోపు బస్సు మారినా చెల్లే ఒకే టికెట్టు, బస్సుకూ మెట్రోకూ ఎంఎంటీఎస్‌కూ కలిపి ఒకే కార్డు ఈ సమస్యకు ప్రపంచంలో అనేక నగరాలు పాటిస్తున్న పరిష్కారాలు.

5. శరీర భేదాలకు అనువైన నిర్మాణం. సాధారణ సిటీ బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి. కాలికి కట్టు ఉన్న రోగి, నిండు గర్భిణి, చూపు ఆనని వృద్ధురాలు వాటిని ఎక్కడానికి మరొకరి చెయ్యి కావాలి. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు, చూపులేనివారి కోసం గరుకు పలకల దారి ఉన్నాయి. స్టేషన్ బయట కాలిబాట ఆక్రమణలతో, గుంతలతో ఉంటే ఆ వసతి సగమే పనికొస్తుంది. ఆసుపత్రి ప్రాంతంలో ప్రతి స్టాపుకూ నీడ, కూర్చునే బల్ల, నేల ఎత్తుకు తగిన బస్సు, గట్టిగా వినిపించే ప్రకటన ఉండాలి. ఉస్మానియా కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. భవనం పూర్తయ్యేనాటికే దానికి తగ్గ బస్సు మార్గాలు సిద్ధం కావాలి. లేకపోతే ఎంజీబీఎస్‌లో దిగి కాలినడకన ఆసుపత్రికి పోయే రోగులకు దూరం పెరుగుతుంది.

6. స్త్రీల భద్రత, వారి ప్రయాణ తీరు. ఆర్టీసీ బస్సుల్లో ముందు భాగం స్త్రీలకు కేటాయించడం తెలుగువారికి దశాబ్దాలుగా అలవాటైన ఏర్పాటు. రాత్రి 7.30 తర్వాత స్త్రీలు కోరిన చోట బస్సు ఆపాలన్న నిర్ణయం, 2014లో ఏర్పడిన పోలీసుల షీ టీమ్స్ నిఘా, మెట్రోలో ప్రత్యేక భాగం మంచి అడుగులు. వీటితో పాటు గమనించవలసింది ప్రయాణ తీరు. పిల్లను బడిలో దింపి, ఆసుపత్రిలో ఉన్న తల్లిని చూసి, బజారు చేసుకుని ఇల్లు చేరే స్త్రీ ఒక్క పూటలో నాలుగైదు చిన్న ప్రయాణాలు చేస్తుంది. ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లోనే బస్సులు ఎక్కువగా నడిపితే మధ్యాహ్నం ఆమె ఎండలో నిలబడాల్సిందే.

7. సరుకుతో ప్రయాణించే హక్కు. బేగంబజార్ నుంచి బట్టల మూట, ఉస్మాన్‌గంజ్ నుంచి కిరాణా సంచి, బజారు నుంచి పండ్ల గంప మోసుకెళ్లే చిరువ్యాపారికి బస్సే రవాణా వాహనం. మెట్రోలో సామానుకు పరిమితి ఉంది. రద్దీ బస్సులో మూట చూడగానే అభ్యంతరం వస్తుంది. బజారు వేళల్లో సామాను పెట్టుకునే చోటున్న బస్సులు కొన్ని కేటాయిస్తే చిన్న బతుకులకు పెద్ద ఆసరా అవుతుంది.

8. రోడ్డు మీద న్యాయమైన వాటా. ఒక బస్సులో అరవై మంది, ఒక కారులో ఒకరిద్దరు ప్రయాణిస్తారు. నయాపూల్ మీద ట్రాఫిక్‌లో రెండూ ఒకే వరసలో నిలబడతాయి. బొగోటాలో 2000లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో, అహ్మదాబాదులో 2009లో వచ్చిన జనమార్గ్ బస్సులకు ప్రత్యేక దారి ఇచ్చి వేగం పెంచాయి. విజయవాడలో బీఆర్టీఎస్ రోడ్డు అన్న పేరు స్థిరపడింది కానీ బస్సులకు ప్రత్యేక దారి నిలబడలేదు. దారి వేయడంతో పని సగమే అవుతుంది. దాన్ని బస్సులకే కాపాడే పట్టుదల మిగతా సగం. పాదచారులు, తోపుడుబండ్లవారు కూడా ఈ వాటాదారులే. 2014 వీధి వ్యాపారుల చట్టం వారికి చోటు చూపమని చెప్పింది. బస్టాపును, బండ్ల స్థలాన్ని కలిపి ప్రణాళిక వేస్తే ఇద్దరికీ నిలవ చోటు దొరుకుతుంది.

9. సిబ్బందికి న్యాయం. డ్రైవరు, కండక్టరు అలసిపోయి ఉంటే ప్రయాణికుడికి భద్రత ఉండదు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48,000 మంది సిబ్బంది, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నదాంతో సహా పలు కోర్కెలతో సమ్మెకు దిగారు. అది 50 రోజులకు పైగా సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో విలీన బిల్లు 2023 ఆగస్టులో శాసనసభ ఆమోదం పొందింది. ఎలక్ట్రిక్ బస్సులు కిలోమీటరు లెక్కన ప్రైవేటు సంస్థల ద్వారా నడుస్తాయి. వాటి డ్రైవర్లు ఆ సంస్థల ఉద్యోగులు. కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాదుకు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించిన ఈ దశలో వారి పనిగంటలు, వేతనాలు ఒప్పందాల్లోనే రాసి ఉండాలి. స్త్రీలకు స్టీరింగు అప్పగించడమూ ఈ సూత్రంలో భాగమే. ఢిల్లీ రవాణా సంస్థ డీటీసీలో 2015లో తొలి మహిళా డ్రైవరైన తెలంగాణ బిడ్డ సరిత, 2025లో సొంత రాష్ట్రంలో ఆర్టీసీ తొలి మహిళా డ్రైవరుగా చేరారు.

10. విపత్తులో నిలదొక్కుకునే శక్తి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద అఫ్జల్‌గంజ్‌ను ముంచెత్తింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి నగరానికి ఎగువనున్న జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీరు ఎంజీబీఎస్‌లోకి చేరింది. ప్రయాణికులను బయటకు తరలించి, బస్సులను నగరంలోని ఇతర చోట్ల నుంచి నడిపారు. నది ఒడ్డున, ఒక్కచోటే రవాణాను కేంద్రీకరిస్తే వరద వచ్చిన రోజు ముందు చిక్కుకునేది ఊళ్లకు పోవడానికి వేరే దారి లేని ప్రయాణికులే. ప్రత్యామ్నాయ స్టాపులు, వాటి సమాచారం ముందే ప్రకటించి ఉండాలి.

11. నిర్ణయాల్లో ప్రయాణికుల మాట. ఏ రూటు ఆపుతున్నారు, ఎందుకు ఆపుతున్నారు, ఎవరిని అడిగారు అన్నవి తెలియాలి. ట్రిప్పుల సంఖ్య, రద్దయిన సర్వీసులు, డిపోల వారీ లెక్కలు తెలుగులోనూ ఉర్దూలోనూ బహిరంగంగా ఉంచాలి. అఫ్జల్‌గంజ్ స్టాపులో ఉర్దూ బోర్డు అలంకారం కాదు, అవసరం. సమాచారం మొబైల్ యాప్‌లో మాత్రమే పెడితే స్మార్ట్‌ఫోను లేని ముసలివారు దానికి దూరమవుతారు.

మహాలక్ష్మి: ఫలితాలు, పరిమితులు

2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద బాలికలు, స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రారంభించింది. కండక్టరు ‘జీరో టికెట్’ ఇస్తారు. ఆ మొత్తాన్ని ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తుంది. 2025 జూలై నాటికి ఈ ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. అంతకుముందు ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో ఇలాంటి పథకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది. నగరవాసులందరికీ ఉచితం చేసిన టాలిన్ (2013), దేశమంతటా ఉచితం చేసిన లక్సెంబర్గ్ (2020) ఐరోపాలోని ఉదాహరణలు.

మహాలక్ష్మి చేసిన మేలు తక్కువది కాదు. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడటానికి, కాస్త దూరంలో మెరుగైన కూలికి వెళ్లడానికి, కాలేజీ మానకుండా ఉండటానికి స్త్రీలకు ఛార్జీ అడ్డు తొలగింది. ఇంట్లో ఎవరినీ డబ్బు అడగకుండా గడప దాటగలగడం స్వేచ్ఛలో భాగం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను పేరు పెట్టి చేర్చడం, వారి హక్కులను గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు స్ఫూర్తికి తగినది.

పరిమితులూ ఉన్నాయి. ప్రయాణికులు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. రద్దీ భారం డ్రైవరు, కండక్టర్ల మీద, నిలబడి వెళ్లే వృద్ధుల మీద పడింది. షేర్ ఆటోవాలాలు గిరాకీ తగ్గిందని వీధికెక్కారు. ప్రభుత్వం చెల్లించాల్సిన సొమ్ము వేళకు అందకపోతే ఆర్టీసీకి కొత్త బస్సులు కొనే శక్తి ఉండదు. ఛార్జీలు పెంచినప్పుడు ఆ భారం టికెట్టు కొనే పేద పురుషుల మీద, విద్యార్థుల మీద కేంద్రీకృతమవుతుంది. వీటికి సమాధానం ఉచితాన్ని వెనక్కి తీసుకోవడంలో లేదు. బస్సుల సంఖ్య పెంచడంలో, చెల్లింపుల్లో క్రమం పాటించడంలో, ఉపాధి కోల్పోయిన ఆటో డ్రైవర్లను మెట్రో స్టేషన్ల నుంచి బస్తీలకు నడిచే అనుసంధాన సర్వీసుల్లోకి తీసుకోవడంలో ఉంది.

మెట్రోకూ బస్సుకూ మధ్య

సుమారు 69 కిలోమీటర్ల హైదరాబాద్ మెట్రో ప్రైవేటు భాగస్వామ్యంతో నిర్మితమైంది. ఛార్జీ మొదట రూ.10 నుంచి రూ.60 వరకు ఉండగా, 2025 మేలో పెంచి, వెంటనే కొంత తగ్గించాక రూ.11 నుంచి రూ.69 అయింది. మహాలక్ష్మి దీనికి వర్తించదు. ఫలితంగా నగరంలో వేగంగా, చల్లగా, వేళకు చేరే ప్రయాణం ఒక వర్గానికీ, ఆలస్యమైన రద్దీ ప్రయాణం మరో వర్గానికీ దక్కుతున్నాయి. 2025 సెప్టెంబరులో మొదటి దశ మెట్రోను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి నిర్మాణ సంస్థతో సూత్రప్రాయ అంగీకారం కుదిరింది. బస్సు, మెట్రో రెండూ ప్రజల ఆస్తి అయినప్పుడు ఒకే టికెట్టు, ఒకే వేళల పట్టిక, ఒకే రాయితీ విధానం ప్రవేశపెట్టడానికి పాలనాపరమైన అడ్డంకి తగ్గుతుంది. కొలంబియాలోని మెడెయిన్ నగరం 2004లో కొండ మీది పేద బస్తీలకు కేబుల్ కార్ వేసి దాన్ని మెట్రోతో కలిపింది. ఖరీదైన రవాణాను పేదల గడప వరకు తీసుకెళ్లడం రాజకీయ సంకల్పంతో సాధ్యమేనని అది చూపింది.

ఎలా కొలవాలి

మొత్తం ప్రయాణికుల సంఖ్య, వార్షిక లాభనష్టాలు న్యాయాన్ని పూర్తిగా చూపలేవు. ఈ ప్రశ్నలకు లెక్కలు కావాలి: అత్యల్ప ఆదాయ కుటుంబం నెలలో ప్రయాణానికి ఎంత శాతం ఖర్చు చేస్తోంది? ఏ బస్తీ నుంచి అరగంటలో, గంటలో ప్రభుత్వాసుపత్రికి చేరగలరు? మధ్యాహ్నం, రాత్రి పదింటి తర్వాత స్టాపులో ఎంతసేపు నిలబడాలి? చక్రాల కుర్చీతో ఎక్కగల బస్సులు ఎన్ని? ప్రజాధనంలో బస్సు ప్రయాణికుడికి తలకు ఎంత, మెట్రో ప్రయాణికుడికి తలకు ఎంత అందుతోంది? టికెట్ యంత్రాలు, జీరో టికెట్లు, మెట్రో కార్డుల ద్వారా ఈ సమాచారంలో చాలా భాగం ఇప్పటికే పోగవుతోంది. డివిజన్ల వారీగా ఏటా ప్రచురిస్తే శాసనసభలో, నగరపాలక సంస్థలో చర్చ గట్టి ఆధారాల మీద జరుగుతుంది.

అంచనా

తొంభై ఏళ్లకు పైగా ప్రభుత్వ రంగంలో బస్సు నిలిచి ఉండటం, స్త్రీలకు ఉచిత ప్రయాణం, విద్యార్థులకు రాయితీ పాసులు తెలంగాణకు ఉన్న బలమైన పునాది. చాలని బస్సులు, మార్పిడి భారం, ఎక్కలేని మెట్లు, పాతబస్తీ దగ్గర ఆగిపోయిన మెట్రో దానికున్న లోపాలు. ఛార్జీ తగ్గించడం న్యాయంలో సగమైతే, ఆ ఛార్జీకి ఎక్కగలిగే బస్సు వేళకు రావడం మిగతా సగం. మొదటి సగం విషయంలో ప్రభుత్వం ధైర్యంగా ముందడుగు వేసింది. రెండో సగానికి బస్సులు, సిబ్బంది, బస్సు దారులు, ఏటేటా నికరమైన బడ్జెట్టు కావాలి. ఉస్మానియాలో చూపించుకున్న రోగి చీకటి పడకముందే కూర్చుని ఇల్లు చేరగలిగిన నాడే హైదరాబాదులో ప్రజా రవాణా న్యాయంగా ఉందని చెప్పవచ్చు.